ఒజ్జయు, తండ్రియు, నడుమనున్నవాడు

1

బాలుర విద్యాభ్యాసమున తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును గల ఉమ్మడి బాధ్యతను గూర్చి మన కాలమున చర్చ విరివిగా సాగుచున్నది. 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యమును గూర్చి ఒక చట్టము చేసి, తల్లిదండ్రులతో కూడిన పాఠశాల సంఘములకు రూపము కల్పించినది. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టము తన 21వ విభాగమున ప్రభుత్వ పాఠశాలలకు యాజమాన్య సంఘము లుండవలెననియు, అందు నాల్గింట మూడు పాళ్లకు తక్కువగాక తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలై యుండవలెననియు విధించినది. 2024 డిసెంబరు 7వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో ఒకే దినమున తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశములు జరిగినవి. ఇవన్నియు శాసనకర్తలును పరిపాలకులును చేసిన యత్నములు. సాహిత్య విద్యార్థులమైన మనకు మాత్రము వేఱొక ప్రశ్న మిగిలియున్నది. బిడ్డను నడుమ నిలుపుకొని తండ్రియు ఒజ్జయు ఒకరి నొకరు ఎదుర్కొన్న ఘట్టములను తెలుగు సాహిత్యము ఎట్లు చూచినది? అందు నేటి ఉపాధ్యాయునకు పనికివచ్చు విషయ మేమైన కలదా?

గురుశిష్య సంబంధమును గూర్చి మన విమర్శకులు విస్తారముగా వ్రాసిరి. తండ్రికిని గురువునకును గల సంబంధముపై అంతటి దృష్టి నిలిచినట్లు కానరాదు. గురువు చెంతకు చేరిన పిమ్మట తండ్రి కథలో నుండి తప్పుకొనుననియు, గురుకులమున తల్లిదండ్రులకు పని లేదనియు ఒక తలంపు మనలో స్థిరపడినది. ఈ తలంపు సగమే నిజమని మా యభిప్రాయము. నన్నయ ఆదిపర్వమును, పోతన సప్తమస్కంధమును, గురజాడ కన్యాశుల్కమును ఈ దృష్టితో చదివినచో, తండ్రియు ఒజ్జయు ఎదురుపడిన తావులందెల్ల నడుమ మూడవవాడొకడు పొడసూపుచున్నాడు. బడిలో జరిగినది ఇంటికి చెప్పువాడు అతడే, ఇంటి సంగతి బడికి చేర్చువాడును అతడే. ఆ మూడవవాడు సత్యసంధుడైనచో బిడ్డ బాగుపడును; కానిచో తండ్రి ధనమును, ఒజ్జ శ్రమమును, బిడ్డ వయస్సును మూడును వ్యర్థమగును. ఈ వ్యాసమున మేము నిరూపింపగోరిన దింతియే.

2

ఈ విచారణకు కలిదిండిని ఆధారస్థానముగా గ్రహించుటకు కారణము కలదు. కొల్లేటికి దక్షిణమున, ఉప్పుటేటి ప్రాంతమున నున్న ఈ గ్రామము పూర్వము కృష్ణాజిల్లా కైకలూరు తాలూకాలోనిది. 2022 ఏప్రిల్ 4 నుండి ఏలూరు జిల్లాలో చేరియున్నది. తూర్పు చాళుక్య రాజైన రాజరాజనరేంద్రుని కలిదిండి తామ్రశాసనము చరిత్ర పరిశోధకులకు సుపరిచితము. ఇచ్చటి యుద్ధమున మడిసిన చోళ సేనానుల స్మృత్యర్థము శివాలయములు నిర్మింపబడుటయు, వానికి గ్రామదానము జరుగుటయు అందు చెప్పబడినవి. దేవపూజలు, ఉత్సవములు మున్నగువానితోపాటు శాస్త్రాధ్యయనము చేయు విద్యార్థుల అన్నసత్రమునకును ఆ దానమున ఏర్పాటు కలదు. నన్నయభట్టుచే భారతమును తెనిగింపించిన ప్రభువే కలిదిండిలో విద్యార్థుల భోజనమునకు ఏర్పాటు చేసెననుట తెలుగు శాఖలవారు మఱవరాని విషయము.

ఆ సత్రమున భుజించిన విద్యార్థులు ఎవరి బిడ్డలో శాసనము చెప్పదు. వారి తల్లిదండ్రుల ప్రసక్తియే అందు లేదు. దాత కలడు, దేవుడు కలడు, విద్యార్థి కలడు, తండ్రి లేడు. దానశాసనమునకు అది లోపము కాదు. దాని ప్రయోజనము వేఱు. కాని ఈ మౌనమును మనము గుర్తింపవలెను. బడికి అన్నము పెట్టువాడును, బడిలో బిడ్డను చేర్చినవాడును వేఱువేఱైన కాలమున, బడిని ప్రశ్నించు హక్కు పెట్టినవానికి దక్కును గాని కన్నవానికి దక్కదు. నేటికిని ప్రభుత్వ పాఠశాలలో నిలుచున్న నిరుపేద తండ్రి ఉచితముగా తిను బిడ్డకు తండ్రినని యొదిగి యొదిగి మాటలాడుచున్నాడన్నచో, ఆ యొదుగుదల చాల పాతదని గ్రహింపవలెను.

3

కావ్యములలోనికి పోవుటకు ముందు ఆచారములను రెండింటిని పరిశీలింతము.

అక్షరాభ్యాసమున బిడ్డడు తండ్రి తొడపై కూర్చుండును. పళ్లెరమున బియ్యము పోయుదురు. ఒజ్జ బిడ్డని చేయి పట్టి తొలి యక్షరములు దిద్దించును. బిడ్డని దేహము తండ్రి యొడిలోను, చేయి ఒజ్జ చేతిలోను ఉన్న ఆ క్షణమున ఇల్లును బడియు ఒక్కటియైనవి. ఇంతకంటె చక్కని ప్రతీక మఱియొకటి లేదు. అయితే ఆ ప్రతీక ఆయుర్దాయము ఒక్క పూటయే. మఱునాటి నుండి బిడ్డ అప్పగింతలో పడినట్లే. కన్నులు రెండు తప్పించి ఎక్కడ కొట్టినను తమకు సమ్మతమేయని తల్లిదండ్రులు ఒజ్జతో చెప్పు మాట మన పల్లెలలో తరతరములు వినబడినది. దీనిని మేము సహకారమనజాలము. అది హక్కును వదలుకొనుట. వీధిబడులలోని కోదండములును గుంజీలును ఈ యప్పగింత నీడనే వర్ధిల్లినవి. 2009 చట్టము 17వ విభాగమున శారీరక దండనను నిషేధించుటతో ఆ పాత ఒప్పందము న్యాయముచేత రద్దయినది. దాని స్థానమున క్రొత్త ఒప్పంద మేమి రావలెనో చట్టము చెప్పగలిగినంత చెప్పినది. తక్కినది మనుష్యులు చెప్పుకొనవలెను.

రెండవది దసరా మామూలు. విజయదశమి దినములలో ఒజ్జ తన శిష్యులను వెంటబెట్టుకొని, వారిచేత పాటలు పాడించుచు, ఇల్లిల్లు తిరుగును. పిల్లలు చేతులలో విల్లంబులు పట్టుదురు. గృహస్థు ఒజ్జకు దక్షిణ ఇచ్చును, పిల్లలకు పప్పు బెల్లములు పంచును. బడి తానై ఇంటి గడప త్రొక్కిన దినము సంవత్సరములో ఇదియొక్కటే. ఈ యాచారమును కేవలము ఒజ్జ దారిద్ర్యమునకు గుర్తుగా భావించువారు కలరు. దారిద్ర్యము నిజమే. కాని ఆ రాకలో వేఱొక లాభమును కలదు. ఒజ్జ ప్రతి శిష్యుని ఇల్లును, ఆ ఇంటి వాకిలిని, ఆ వాకిట నిలిచిన తల్లిని కంటితో చూచును. ఏ బిడ్డ ఏ ఇంటినుండి వచ్చుచున్నాడో ఎఱుగక పాఠము చెప్పుట అతనికి సాధ్యము కాదు. నేటి ఉపాధ్యాయునకు జీతము ప్రభుత్వ మిచ్చుచున్నది; గడపగడపకు తిరుగవలసిన యవసరము తప్పినది. అది గౌరవమునకు మేలు చేసినది. ఆ గడపతో పోయిన పరిచయమును మాత్రము మఱియొకటి పూరింపలేదు.

ఈ యాచారములు అందఱి ఇండ్లకును చెందినవి కావని కూడ చెప్పవలెను. బడి గడప త్రొక్కనీయని కులముల ఇండ్లకు దసరా పాట పోలేదు. అక్షరాభ్యాసపు పళ్లెరము అక్కడ పెట్టబడలేదు. పేదఱికము సంగతియు అట్టిదే. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో ఆరంభించిన విచారణ ఫలితముగా రాజధానిలో 12,498 పాఠశాలలు ఉన్నట్లు 1826లో తేలినది. ఆ విచారణకు బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక ప్రసిద్ధము. మధ్యతరగతివారును దిగువవారును చదువు వ్యయమును భరింపలేకున్నారనియు, బిడ్డల లేతచేతులు ఏ కొంచెము పనికైనను ఉపయోగపడగానే ఆ పని కుటుంబమునకు అవసరమగుచున్నదనియు అతడు గుర్తించెను. బడి మానిపించిన తండ్రిని నిందింపక, మానిపించిన కారణమును చూచిన తొలి నివేదికలలో అది యొకటి.

4

ఇక ఆదిపర్వము. కురుకుమారుల చదువు ముగిసిన పిమ్మట ద్రోణుడు వారి అస్త్రవిద్యను పెద్దల యెదుట ప్రదర్శింపజేయును. రంగము సిద్ధమైనది. ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి, భీష్మాదులు వచ్చి కూర్చుండిరి. మన సాహిత్యమున ఇంత విపులముగా వర్ణింపబడిన తల్లిదండ్రుల, గురువుల సమావేశము మఱియొకటి లేదు. దీనిని వీరరసపోషణకును, కర్ణుని ప్రవేశమునకును, భావియుద్ధ సూచనకును ఉదాహరించుట పరిపాటి. మేము దీనిని చదువవలసిన తీరు వేఱు.

సభలోని ముఖ్యుడైన తండ్రి చూడలేనివాడు. తల్లి చూడగలిగియు కన్నులకు గంతలు కట్టుకొన్నది. కుమారులు చేసిన విద్యావిశేషములను ధృతరాష్ట్రునకు విదురుడును, గాంధారికి కుంతియు చెప్పుచున్నారు. అనగా ఈ తల్లిదండ్రులకు బడి సంగతి అన్యుల నోటినుండియే తెలియుచున్నది. ఇచ్చట నడుమనున్నవాడు విదురుడు. అతనికి ఉభయపక్షముల బిడ్డలును సమానులే. ఎవని నెంత పొగడిన ఎవడు సంతోషించునో లెక్కింపక జరిగినది జరిగినట్లు చెప్పినాడు. అర్జునుని యుత్కర్షమును దుర్యోధనుని తండ్రికి దాచలేదు. చూపులేని తండ్రికి చూపు నిచ్చినవాడు సత్యవాది యగుటయే ఈ ఘట్టమునకు ప్రాణము. ధృతరాష్ట్రుడు తరువాత కాలమున చెడినది విదురుడు చెప్పకపోవుటచేత కాదు, చెప్పినది వినకపోవుటచేత.

కుంతి సంగతి ఇంకను సూక్ష్మమైనది. ఆమెయు చెప్పునదియే, కాని కర్ణుడు రంగమున ప్రవేశించిన పిమ్మట ఆమెకు మాత్రమే తెలిసిన సత్య మొకటి కలదు. దానిని ఆమె చెప్పలేదు, మూర్ఛిల్లినది. లోకభయము ఆమె నోరు నొక్కినది. ఒక్క తల్లి తన బిడ్డని గూర్చి తెలిసినది బడి యెదుట చెప్పలేకపోయినందున ఆ బిడ్డని గతి యేమైనదో భారతమంతయు సాక్ష్యము. బిడ్డని గూర్చిన సత్యమును తల్లి నిర్భయముగా చెప్పగలిగిన చోటు కానిచో, ఆ సమావేశము ఎంత వైభవముగా జరిగినను ప్రయోజనము లేదు.

తరువాతి దృశ్యము మఱింత క్లేశకరము. అర్జునునితో తలపడగోరిన కర్ణుని కులమేమని కృపుడు ప్రశ్నించును. దుర్యోధనుడు అప్పటికప్పుడు అతనిని అంగరాజ్యమునకు అభిషేకించును. అంతలో సూతుడైన తండ్రి ముసలితనముచేత వణకుచు, కఱ్ఱ యూతగా రంగమున ప్రవేశించును. అభిషేకజలముతో తడిసిన శిరస్సును కర్ణుడు ఆ తండ్రి పాదములపై నుంచును. భీముడు పరిహసించును. ఈ నాలుగు చర్యలును ఒకదాని వెంట నొకటి వచ్చుటలో ఎంత యర్థ మిమిడియున్నదో గమనింపుడు. కులము నడిగినవాడు ఆచార్యుడు, నవ్వినవాడు సహాధ్యాయి వంటివాడు, తలవంచినవాడు కొడుకు, నోట మాట లేక నిలిచినవాడు పేద తండ్రి. రంగము నేర్పరచిన ద్రోణుడు ఆ తండ్రికి ఆసన మిచ్చినట్లు కథ చెప్పదు. ఆసన మిచ్చి, కొడుకు గౌరవము నిలిపినవాడు దుర్యోధనుడు. ఆ క్షణము నుండి కర్ణుడు దుర్యోధనుని సొత్తు.

ఇందుండి మేము గ్రహించిన నీతి యొకటి కలదు. తండ్రిని అవమానించిన బడి తండ్రినే కాదు, బిడ్డనుకూడ పోగొట్టుకొనును. తండ్రి గౌరవమును నిలిపినవాడు ఎంతటి దుష్టుడైనను బిడ్డ వానికి జీవితాంతము ఋణపడును. నేడు సమావేశమునకు వచ్చిన కూలివానిని వెనుక వరుసలో నిలువబెట్టి, పదిమంది యెదుట కొడుకు మార్కులు చదివి పెదవి విఱుచు ఉపాధ్యాయుడు తనకు తెలియకయే కృపుని ప్రశ్నను అడుగుచున్నాడు. దానికి సమాధానము ఇంటిదగ్గఱ దొరకదు. బడి మానిన వీధిలో, మఱియొకని యాశ్రయమున దొరకును.

ద్రోణుని విషయమున మఱియొక చిన్న సంగతి. కుమారులను తన కప్పగించిన తొలినాళ్లలోనే అతడు వారిచేత తన మనసులోని కోరిక నొకదానిని తీర్తుమని మాట పుచ్చుకొనజూచినాడు. అర్జునుడొక్కడు సమ్మతించినాడు. ఆ కోరిక ద్రుపదునిపై పగ. ఈ ఒప్పందము గురుశిష్యుల నడుమ జరిగినది. అప్పగించిన పెద్దల కెఱుకలేదు. ఒజ్జకును స్వప్రయోజన ముండవచ్చునని, అది పెద్దలకు తెలియకుండ బిడ్డలపై పడవచ్చునని కవి యెఱుగును.

5

తండ్రియు ఒజ్జయు ఏకమైనంత మాత్రమున బిడ్డకు మేలగునా? కాదని చెప్పుటకు ప్రహ్లాదచరిత్ర చాలును. చదువు విలువను గూర్చి తెలుగు ఇండ్లలో తఱచుగా వినబడు పద్యమొకటి సప్తమస్కంధమున హిరణ్యకశిపుని నోటిదని మన మంతగా గుర్తుంచుకొనము. ఆ మాటలలో తప్పు లేదు. ఆ తండ్రికి కొడుకు చదువుపై శ్రద్ధయు లేకపోలేదు. శుక్రాచార్యుని కుమారులైన చండామార్కులను పిలిపించి బిడ్డ నప్పగించినాడు; కొంతకాలమునకు చేరబిలిచి, చదివినది చెప్పుమని అడిగినాడు. ఇంతవఱకు ఆదర్శ పితయే.

లోపము ఎక్కడనన్నచో, అతడు అడిగినది బిడ్డకు వచ్చినది తెలిసికొనుటకు కాదు; తాను కోరినది వచ్చినదా లేదా అని చూచుటకు. బిడ్డడు తన మనసులోనిది చెప్పినాడు. తండ్రి వెంటనే ఒజ్జలపై అనుమానపడినాడు. ఒజ్జలు తాము నేర్పినది కాదని, అది వాని సహజబుద్ధియని విన్నవించుకొన్నారు. ఇరువురి సంభాషణలోను బిడ్డడు వస్తువైనాడు గాని మనిషి కాలేదు. మరల బడికి గొనిపోయి సామదానభేదదండములతో చెప్పిరి, మరల పరీక్షించిరి, మరల కోపించిరి. ఇంటికిని బడికిని ఇంత సన్నిహితమైన సంప్రదింపు మన సాహిత్యమున మఱియొకచోట లేదు. అయినను అది బిడ్డకు ప్రాణాంతకమైనది. కారణము భయము. ఒజ్జలు తండ్రికి భయపడుచున్నారు. బిడ్డని పక్షమున ఒక్కమాట చెప్పగల స్వాతంత్ర్యము వారికి లేదు. యజమానికి వెఱచిన ఉపాధ్యాయుడు తండ్రికి సహకారి కాజాలడు, సేవకుడు మాత్రమే కాగలడు.

ఇదే కథలో నిజమైన సహకార మొకటి మఱుగున నున్నది. ప్రహ్లాదుడు తన విద్య కెవరు కారణమో సహాధ్యాయులకు చెప్పునప్పుడు అది బయటపడును. తల్లియైన లీలావతి నారదుని యాశ్రమమున నున్న కాలమున, ఆ ముని ఆమెకు ధర్మమును జ్ఞానమును బోధించెను; గర్భస్థుడైన బిడ్డడు వినెను. కాలము గడచినందున తల్లి మఱచిపోయినది; బిడ్డడు మఱవలేదు. రాజశాసనముతో, పరీక్షలతో, దండనతో చండామార్కులు నేర్పలేనిది, తల్లికి గౌరవముతో చెప్పిన ఒక గురువు బిడ్డకు నేర్పగలిగినాడు. బిడ్డకు చెప్పవలెనన్నచో మొదట తల్లికి చెప్పుమనుట ఇందలి ధ్వని. తల్లి తాను మఱచినను నష్టము లేదు; ఆమె విన్నప్పుడు బిడ్డడు అక్కడ ఉండుటయే చాలును. నిరక్షరాస్యయైన తల్లికి పాఠశాల సంగతులు చెప్పి యేమి ప్రయోజనమను ప్రశ్నకు ఇంతకంటె సమాధానము లేదు.

6

భారత భాగవతములలో తండ్రియు గురువును ఒకే విద్యాప్రపంచమునకు చెందినవారు. ధృతరాష్ట్రుడు చూడలేకపోవచ్చును గాని విలువిద్య యననేమో ఎఱుగును. ఆంగ్లవిద్య వచ్చినపిమ్మట ఈ సామాన్యభూమి తెగిపోయినది. ఆ తెగుటను నాటకముగా చూపినది కన్యాశుల్కము. ఆ నాటకము మొదట 1897లో అచ్చయినది. పెంపొందిన రూపము 1909లో వెలువడినది. 1897లోనే అమెరికా రాజధాని వాషింగ్టనులో తల్లుల మహాసభ యొకటి స్థాపితమై, తరువాత తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సంఘముగా పరిణమించినది. ఒకచోట తల్లులు బడి తలుపు తట్టుచుండగా, మఱియొకచోట బడి తలుపు ఏ దిక్కున నున్నదో తెలియని తండ్రి రంగమెక్కినాడు.

అగ్నిహోత్రావధానులను మూఢునిగా చిత్రించు వాడుక కలదు. కాని అతడు వేదము చదివినవాడు. తన విద్యలో పండితుడైనవాడే కొడుకు విద్యయెదుట నిరక్షరాస్యుడైనాడు. వెంకటేశము ఊరు విడిచి విజయనగరమున చదువుచున్నాడు. ఇంటికి వచ్చినది బడి కాదు, ఉపాధ్యాయుడు కాదు; గిరీశము. పట్టణమున నిలువనీడ లేక, శిష్యుని సెలవులను సాకుగా గైకొని అతడు ఆ ఇల్లు చేరినాడు. గురుశిష్యులు ఇంగ్లీషులో మాటలాడుడని కోరిన తల్లిదండ్రుల యెదుట అర్థము లేని మాటల గారడి జరుగును. విన్నవారు మురిసిపోవుదురు. ప్రేక్షకులు నవ్వుదురు. ఆ నవ్వులో ఒక యధర్మ మున్నదని మేము చెప్పక తప్పదు. మనము నవ్వుచున్నది మోసపోయినవారిని చూచి. వారు మోసపోయినది మూర్ఖతచేత కాదు. తమ బిడ్డకు వచ్చినదేమో, రానిదేమో తమకు తెలిసిన భాషలో చెప్పువాడొక్కడును లేనందుచేత.

విదురుని స్థానమున గిరీశము వచ్చి కూర్చుండినాడు. చూపులేని తండ్రికి ఇరువురును కన్నులైనవారే. ఒకడు ఉన్నది చెప్పినాడు. మఱియొకడు తన బ్రతుకుతెరువునకు తగినట్లు చెప్పినాడు. ఫలితమును నాటకము దాచలేదు. కొడుకు చదువుకై ఇంటిలోనికి వచ్చినవాడు కూతురిని లేవదీసికొని పోయినాడు.

ఇందు వెంకటేశము స్థితిని గూర్చి విమర్శకులు తగినంత యోచింపలేదని మా తలంపు. బడికిని ఇంటికిని నడుమ ఆ బాలుడుకూడ ఒక రాయబారియే. పరీక్ష తప్పినట్లు అతనికి తెలియును. సత్యము చెప్పినచో దెబ్బలు తప్పవు. గారడిలో పాలుపంచుకొన్నచో మెప్పు దొరకును. ఏ బాలుడైనను ఏ దారి పట్టునో ఊహింపవచ్చును. వెంకటేశము చెడిపోయినది గిరీశముచేతనే యనుట సులభము. బడి సంగతిని ఇంటికి చేర్చు భారము బిడ్డపైననే పెట్టిన ఏర్పాటుచేత అతడు చెడినాడనుట మఱింత సత్యము.

7

మా వాదమునకు ఒక యాక్షేపము రావచ్చును. అస్త్రవిద్యాప్రదర్శనమును, ప్రహ్లాదకథను నేటి పాఠశాల సమావేశములతో పోల్చుట కాలవ్యత్యయము కాదా? ఇతిహాసమునకు తత్త్వార్థము ముఖ్యము, పురాణమునకు భక్తి ముఖ్యము. వానిని విద్యాశాస్త్రముగా చదువుట న్యాయమా? కవుల ప్రధానోద్దేశము విద్యాశాస్త్రము కాదనుటలో మాకును సంశయము లేదు. అయితే కవి ప్రధానముగా ఒకటి చెప్పబూని, దానికి ఆధారముగా చిత్రించిన లోకవ్యవహారమున తన కాలపు అనుభవమును పొందుపరచును. భక్తిని స్థాపింపగోరిన పోతన, వెఱచిన ఒజ్జలను ఇంత సజీవముగా చిత్రింపవలసిన పని లేదు. అట్టివారు లోకమున నుండుటచేతనే చిత్రించినాడు. ఆ యనుభవమును వెలికితీయుట విమర్శకుని పనియే.

రెండవ యాక్షేపము ఇంకను బలమైనది. ఈ కావ్యములన్నిటను తండ్రి రాజో పండితుడో. కూలిచేసికొను తండ్రి, అక్షరము రాని తల్లి ఇందెక్కడ? ఉన్నాడు, కఱ్ఱ యూతగా రంగమున నిలిచిన సూతుడు. అతనికి మాట లేదు. మన సాహిత్యము ఆ తండ్రిని చూపినది గాని వినిపింపలేదు. ఈ లోపమును అంగీకరించుటయే న్యాయము.

కలిదిండి వంటి చోట ఈ ప్రశ్న గ్రంథస్థము కాదు, నిత్యానుభవము. కొల్లేటి ప్రాంతమున వరిచేలు చేపల చెరువులైనవి, రొయ్యల చెరువులైనవి. 1999లో సరస్సు పక్షి సంరక్షణకేంద్రముగా ప్రకటింపబడినది. 2006లో సరస్సు లోపలి చెరువుల గట్లు పెద్దయెత్తున తెగగొట్టబడినవి. బ్రతుకుతెరువు మాఱినప్పుడెల్ల బడి హాజరుపట్టీ మాఱును. చెరువుగట్టుపై కావలి యుండు తండ్రి, పట్టుబడి నాడు తెల్లవాఱకముందే పనికి పోవు తల్లి, పగటిపూట జరుగు సమావేశమునకు రాలేకపోయినచో వారిని శ్రద్ధలేనివారనుట సులభము. ఒక పూట కూలి పోగొట్టుకొనక రాగల వేళను బడి యెన్నడైన అడిగి తెలిసికొన్నదా? క్యాంబెల్ బళ్లారిలో 1823లో చూచిన లేతచేతుల సంగతి కొల్లేటి గట్లపై ముగిసినదని చెప్పుటకు మేము సాహసింపము.

అట్టి ఇంటికి మార్కుల కార్డు పోయినదనుకొందము. దానిని చదువగలవాడు ఆ ఇంట ఒక్కడే, ఆ బిడ్డయే. తీర్పునకు గుఱియైనవాడే తీర్పును చదివి వినిపించుచున్నాడు. తండ్రి వేలిముద్ర వేయుచున్నాడు. వేలిముద్ర క్రింద నున్నది సమ్మతి కాదు, నమ్మకము. ఆ నమ్మకమును బిడ్డడు కాపాడుకొన్నచో దెబ్బలు, కాపాడుకొననిచో అబద్ధము. అబద్ధము చెప్పి తండ్రిని గెలిచిన బిడ్డకు ఆనాటి నుండి తండ్రియందు గౌరవము తగ్గును. అది మార్కులకంటె పెద్ద నష్టము. పాఠశాల మాధ్యమము తెలుగో ఆంగ్లమో తేల్చుటకు మన మెన్నియో వాదములు చేసితిమి. బడి ఇంటితో మాటలాడు భాష యేదియను ప్రశ్నకు ఆ వాదములలో చోటు దొరకలేదు. బిడ్డ యే భాషలో చదివినను, తండ్రితో ఒజ్జ మాటలాడవలసినది తండ్రి భాషలోనే, ఎదురుగా కూర్చుండియే.

మా విచారణ ఫలితములను సంగ్రహింతము. అప్పగింతను సహకారముగా భ్రమింపరాదు. అది అక్షరాభ్యాసపు పళ్లెరముతో ఆరంభమైన బంధమును మఱునాడే తెంచును. ఏకాభిప్రాయమును సహకారముగా భ్రమింపరాదు. హిరణ్యకశిపునకును చండామార్కులకును ఏకాభిప్రాయ ముండెను. వైభవమును సహకారముగా భ్రమింపరాదు. హస్తినాపుర రంగము కంటె వైభవముగా ఏ సమావేశమును జరుగదు. తండ్రికి ఆసనము, తల్లికి మాట, ఒజ్జకు నిర్భయత్వము, బిడ్డకు రాయబారము నుండి విముక్తి: ఈ నాలుగు ఉన్నచోట సంఘములు లేకున్నను పని జరుగును. ఇవి లేనిచోట చట్టము చెప్పిన పాళ్లన్నియు సరిపోయినను హాజరు సంతకములే మిగులును.

ఉపాధ్యాయవృత్తిలో నున్న పాఠకులకు ఒక మాట. విదురుని స్థానము ఖాళీగా నుండదు. ఒజ్జ తాను పోయి కూర్చుండనిచో గిరీశము వచ్చి కూర్చుండును. పరిశోధక విద్యార్థులకు మఱియొక మాట. సూతుడైన ఆ తండ్రి రంగమున నిలిచి ఏమి చెప్పదలచెనో మన పూర్వసాహిత్యము చెప్పలేదు. ఆధునిక కథలలో, నవలలలో, ఆత్మకథలలో, ముఖ్యముగా తమ వంశమున తొలిసారి బడికి పోయినవారు వ్రాసిన రచనలలో ఆ తండ్రి ఎక్కడెక్కడ నోరు విప్పెనో వెదకి, కాలక్రమమున కూర్చినచో అది యొక మంచి సిద్ధాంతగ్రంథ మగును. ఆ పనికి పూనుకొనువారికి ఈ వ్యాసము కొంతయైన తోడ్పడునని మా నమ్మకము.